ఎవరూ నాటని మిరప

కృపారాణి హాస్టలు వంటింట్లో జారిపడింది ఫిబ్రవరి నెలలో. గంజి ఒలికిన చోట కాలు పెట్టింది, జారింది, తల వెనక భాగం పొయ్యి దిమ్మెకు కొట్టుకుంది. నెత్తురు పెద్దగా రాలేదు. తిరుపతి ఆసుపత్రిలో స్కానింగు తీసి, లోపల భయపడాల్సిందేమీ లేదని చెప్పి, పది రోజులు కదలకుండా పడుకోమన్నారు. పడుకుంది. పదకొండో రోజు పనిలోకి పోయింది.

వాసన పోయిందన్న సంగతి ఆ పదకొండో రోజే తెలిసింది. రసంలోకి పోపు పెడుతూ ఇంగువ డబ్బా మూత తీసింది. మామూలుగా ఆ మూత తీస్తే, వాకిట్లో చెప్పులు విప్పుతున్న పిల్లలకు కూడా తెలిసిపోయేది ఇవాళ రసమని. ఆ రోజు ఆమెకు ఏమీ తెలియలేదు. డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. గాలి వచ్చింది, అంతే. జలుబు చేసిందేమో అనుకుని వారం చూసింది. జలుబు లేదు, తుమ్ము లేదు. కాఫీపొడి, మల్లెపూలు, ఫినాయిలు, ఏదీ లేదు. నాలుకకు ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది. అంతకు మించి పప్పుకూ పులుసుకూ తేడా చెప్పాలంటే గిన్నెలోకి తొంగి చూడాల్సిందే.

ఎవరికీ చెప్పలేదు. భర్త ఏబెల్‌కు కూడా చెప్పలేదు. కూర్చుని ఆలోచించి దాచిపెట్టింది కాదు. ఇవాళ కాదు రేపు అనుకుంది, రేపు కాదు ఆదివారం అనుకుంది, అలా రోజులు వెళ్లిపోయాయి. యూనివర్సిటీ వైపు ఉన్న ఆ ప్రైవేటు ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్లుగా ఆమే పెద్ద వంటమనిషి. నూట ఇరవై మంది పిల్లలు. చదువు ముగించి పెళ్లిళ్లయిపోయిన వాళ్లు కూడా కొండకు వచ్చినప్పుడు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, "కృపమ్మా, నీ చేతి సాంబారు" అని అడిగి తినిపోయేవాళ్లు. అట్లాంటి మనిషికి ముక్కు పనిచేయడం లేదంటే ఏమని చెప్పడం?

భయం వేసి ఉంటే చెప్పి ఉండేదేమో. భయం కూడా వేయలేదు. పడ్డప్పటి నుంచి లోపల ఎవరో దూది కూరినట్టు ఉండేది. ఏడుపు రాదు, కోపం రాదు, ఆకలి కూడా సరిగ్గా రాదు. పొద్దున్నే లేచేది. కరకంబాడి రోడ్డు మీద ఆటో ఎక్కేది. వండేది. మళ్లీ ఆటో ఎక్కి ఇంటికొచ్చేది. కూరలన్నీ ఒకటేలా ఉంటున్నాయని మూడు పూటలా మజ్జిగన్నం తినడం మొదలుపెట్టింది. ఒంట్లో వేడి చేసిందేమోలే అనుకున్నాడు ఏబెల్.

కళ్లతో, చెవులతో వండటం నేర్చుకుంది. ఆవాలు ఎప్పుడు చిటపటలాడి ఆగుతాయో వినేది. ఉల్లిపాయ రంగు చూసేది. గోడ గడియారం చూసి పప్పు దించేది. పాత అలవాటు చేతుల్లో ఉంది కాబట్టి ఉప్పూ పులుపూ తప్పలేదు. రెండు నెలలు ఎవరూ ఏమీ అడగలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సాంబారు మాడింది.

ఆ రోజు పొయ్యి దగ్గర ఉండాల్సింది రెండో వంటమనిషి మోహన. ముప్పై ఏళ్ల మనిషి, కొర్లగుంట నుంచి వచ్చేది, నాలుగేళ్లుగా కృపారాణి కిందే పని నేర్చుకుంది. "నువ్వు పోయి బీన్సు తరుగు, సాంబారు నేను చూసుకుంటా" అని ఆమెను పక్కగదిలోకి పంపింది కృపారాణి. గరిటె చేతిలో పట్టుకుని పెద్ద గిన్నె ముందే నిలబడింది. పైన అంతా మామూలుగానే ఉడుకుతోంది. అడుగున పప్పు పట్టుకుని నల్లబడుతున్న సంగతి పైకి కనిపించదు కదా. అది ముక్కుకు తెలియాల్సిన సంగతి.

మోహన కత్తి పడేసి పరుగెత్తుకొచ్చింది. "అక్కా! మాడతా ఉండాది!"

అప్పటికే నూట ఇరవై మంది సాంబారుకూ మాడు వాసన పట్టేసింది. పిల్లలు కంచాలు వదిలి లేచిపోయారు. హాస్టలు మేనేజరు రవిచంద్ర వంటింట్లోకి వచ్చి, "పొయ్యి కాడ ఎవరుండారు?" అని అడిగాడు.

కృపారాణి నోరు తెరవలేదు. మోహన ఆమె వైపు చూసింది. రవిచంద్ర ఇద్దరినీ చూసి, ఇరవై రెండేళ్లలో కృపమ్మ అన్నం మెతుకు కూడా మాడ్చలేదని గుర్తు చేసుకున్నట్టున్నాడు. మోహన వైపే తిరిగాడు. ఫోను చూసుకుంటూ నిలబడుంటావు, నీకు చెప్పడం ఇది రెండోసారి, అన్నాడు. మోహన అలాగే కృపారాణి ముఖం వంక చూస్తూ నిలబడింది. రేపటి నుంచి రావద్దని రవిచంద్ర చెప్పి వెళ్లాక, మోహన కొక్కేనికి తగిలించిన సంచి తీసుకుని వెళ్లిపోయింది.

కృపారాణి మాడిన గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టింది. సాయంత్రం తోమింది. తోముతున్నప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

మే నెల వచ్చింది, హాస్టలుకు సెలవులిచ్చారు. ఏబెల్ పొద్దున్నే రేణిగుంట గోడౌనుకు పనికి పోయేవాడు. ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ నెల నడిమధ్యలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి గంటసేపు కురిసింది. మూడు వారాల తర్వాత, పెరట్లో అంట్లు తోమే బండ పక్కన, కడిగిన నీళ్లు పారే చోట, పచ్చగా మొలకలు కనిపించాయి. పదీ పదిహేను కాదు, గుప్పెడు చల్లినట్టు గుంపుగా ఉన్నాయి. కృపారాణి వంగి ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టింది.

"మే కృపా, ఆగాగు. ఏం పెరకతా ఉండావు?"

పిట్టగోడ అవతల నుంచి అలివేలమ్మ. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. మదనపల్లి వైపు టమాటా తోటల్లో, నారుమళ్లలో నలభై ఏళ్లు కూలి చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఈ పక్కింట్లో ఉంటోంది.

"గడ్డి పెద్దమ్మా."

"గడ్డా? కండ్లు యాడ పెట్టుకోనుండావే? మిరప మొలకలు గదా అవి." అలివేలమ్మ చుట్టూ తిరిగి గేటు తీసుకుని వచ్చింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. "ఊరిబిండి పచ్చడి నూరేదానికి ఎండుమిరక్కాయలు నానేస్తావు గదా. ఆ నీళ్లు ఈడే పారబోస్తావు. గింజలు ఈడనే పడతాయి. వాన తగిలింది, లేసినాయి."

"నేనేమీ వెయ్యలేదు."

"నువ్వేసేదేంది? అవే వచ్చినాయి. సూడు, రెండాకుల మింద ఉన్నప్పుడు ఇవన్నీ ఒగ తల్లి బిడ్డల మాదిరే ఉంటాయి. మిరప, వంగ, టమాటా, కామంచి. అసలాకు వచ్చినాక తెలుస్తాది. ఇదో, దీని మింద ఏలు పెట్టు. నూగు తగల్తా ఉండాదా?"

కృపారాణి వేలు పెట్టింది. ఆకు మీద సన్నని గరుకు.

"గరగరమంటే వంగ. ఇది సూడు, నున్నగా ఉండాది, కొస సూది మాదిరి పోయింది. ఇది మిరప. ఈ పక్కదీ నున్ననే, గానీ ఆకు పలసన, అంచు వంకరటింకర. కామంచి. పెరికెయ్యబాక, ఆకు కూరకొస్తాది. ఆకు సీలుకోని ఉంటే టమాటా, దానికి సెప్పాల్సిన పనే ల్యా." అలివేలమ్మ అంగుళం ఎత్తు కూడా లేని రెండు బుల్లి మొలకల దగ్గర ఆగింది. "ఈటికి అసలాకు ఇంకా రాలా. కన్ను సాలదు, ముక్కు గావాల. ఆకు గిల్లి నలిపి వాసన సూడు. టమాటా అయితే గబ్బు ఏలికే పట్టుకుంటాది. మిరప అయితే ఉత్త పచ్చిగడ్డి మాదిరి ఉంటాది."

కృపారాణి ఒక ఆకు గిల్లింది. వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పీల్చింది. అలివేలమ్మ ఎదురుచూస్తోంది.

"మిరపే పెద్దమ్మా."

ముసలామె ఆ చెయ్యి పట్టుకుని తన ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. "ఏందే ఇది? ఇంత గబ్బు కొడతా ఉంటే మిరపంటావు? ఇంగోటి సూడు."

రెండోది కూడా నలిపింది. "టమాటా" అంది, మొదటిది కాదు కాబట్టి ఇదై ఉంటుందని. అది మిరప.

అలివేలమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. కాసేపు ముఖంలోకి చూసింది. "ఎన్నాళ్లాయ?"

"పడినప్పటి నించి."

"ఏబెలుకు తెలుసునా?"

"తెలీదు."

"హాస్టల్లో?"

తల అడ్డంగా ఊపింది. అయ్యో పాపం అంటుందేమో, అంటే ఏం చేయాలో అనుకుంది కృపారాణి. అలివేలమ్మ అననే లేదు. నేలకు చెయ్యి ఆనించి మొలకల వైపు జరిగింది. "సర్లే. ముక్కు పోతే ఏళ్లు ఉండాయి గదా. ఇట్లా రా. మిరపను రొంత ఎడంగా నాటుదాం. ఇట్ల గుంపుగా ఉంటే ఒగటీ బాగుపడదు."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి మొలకల్ని ఏరారు. పన్నెండు మిరపలు మిగిలాయి. వాటిని గోడ వెంబడి జానెడున్నర ఎడంగా నాటారు. టమాటాలు రెండు ఉంచారు. కామంచి ఒక మూల పెట్టారు.

ఏబెల్ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక ఆమె చెప్పింది. చెప్పింది కూడా ఆటో దొరకలేదు, నీళ్లు రాలేదు అన్నట్టు చెప్పింది. "మామా, నాకు వాసన తెలీడం లేదు. ఫిబ్రవరి నించి."

ఏబెల్ తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాడు. "ఫిబ్రవరి నించా? నేను ఇంట్లోనే ఉండా గదా కృపా" అన్నాడు. కొంచెం ఆగి మళ్లీ అదే మాట అన్నాడు. తర్వాత కంచం ముందు కూర్చుని, తినే ముందు ప్రార్థన ఎప్పటికంటే ఎక్కువసేపు చేశాడు. ఆమె కళ్లు మూసుకుని ఆమేన్ అంది.

సోమవారం సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చిన్న సీసాలు రెండు మూడు వాసన చూపించి, పడినప్పుడు ముక్కు నుంచి మెదడుకు పోయే సన్నని నరాలు దెబ్బతిని ఉంటాయని చెప్పాడు. కొందరికి ఏడాది లోపల తిరిగి వస్తుంది, కొందరికి రాదు, చూద్దాం అన్నాడు. గ్యాసు పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉండమన్నాడు. ఏబెల్ దారిలో అడిగాడు, "హాస్టల్లో చెప్తావా?" అని. "చెప్తాలే" అంది. సాంబారు సంగతి, మోహన సంగతి మాత్రం అతనికి చెప్పలేదు.

జూలైలో హాస్టలు తెరిచారు. ఆమె పోయింది. మోహన చోట కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. కృపారాణి రవిచంద్రతో ఏమీ చెప్పలేదు. అడుగు మందంగా ఉన్న కొత్త గిన్నె అడిగి తెప్పించుకుంది, కొత్త అమ్మాయిని పొయ్యి దగ్గర నుంచి కదలనివ్వలేదు. అలా నడిచిపోయింది.

ఇంటి దగ్గర మిరపలు మోకాలెత్తు పెరిగాయి. కాండం పంగల కర్రలా రెండుగా చీలింది, ఆ చీలిన చోట మొదటి పూత వచ్చింది. తెల్లని చిన్న పూలు, తల కిందికి వేలాడేసుకుని. "పూత కిందికి సూస్తే మిరప, ఊదా రంగు అయితే వంగ" అని అలివేలమ్మ గోడ మీద నుంచి చెప్పింది. "ఏ కాయ వస్తాదో మాత్రం ఇప్పుడే సెప్పలేం మే. అంగడి కాయ గింజ తల్లిని పోలకపోవచ్చు. కాసినాక సూడాల్సిందే." రెండు మొక్కలకు ఆకు ముడుచుకుపోయింది. పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి చల్లమంది. కృపారాణి చల్లింది. ఆ రెండూ బాగుపడలేదు. పీకి దూరంగా పారేసింది. రోజూ పొద్దున ఆటోకు పోయే ముందు నీళ్లు పోసేది. ఇష్టపడి పోసింది అని చెప్పలేం. అంట్లు తోమిన నీళ్లు ఎటూ అటే పారతాయి కదా, చెంబుతో కొంచెం అటూ ఇటూ తిప్పేది, అంతే.

ఆగస్టు మూడో వారంలో కాయలు దిగాయి. ఎనిమిది మొక్కలకు పొడుగు కాయలు, కొన్ని వంకరగా, కొన్ని తిన్నగా. ఒక మొక్కకు గోలీ లాంటి గుండు కాయలు. చివరి మొక్క కాయలు మాత్రం చిటికెన వేలి గోరంత ఉన్నాయి, పైకి చూస్తూ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఇది నీ అంగడి గింజ గాదు" అంది అలివేలమ్మ. "పిట్టమిరప. యాడనో తిని, నీ గోడ మింద కూసోని రెట్టేసి పోయిండాది పిట్ట. సానా కారం ఉంటాది, సట్నీకి రెండు సాలు. ఒగ కాయ కొరికి సూడు, ఏది దేనికి పనికొస్తాదో తెలుస్తాది. పొడుగుది ఊరబెట్టేదానికి, గుండుది పులుసులోకి. కారం సూసేదానికి ముక్కుతో పనిల్యా, నోరుంటే సాలు."

శనివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. కృపారాణి పొడుగుకాయ కొరికింది. చప్పిడిగా, నీళ్లగా ఉంది. గుండు కాయ కొరికింది. కొంచెం చురుక్కుమంది. పిట్టమిరప ఒకటి తుంచి మొత్తం నోట్లో వేసుకుని నమిలింది.

మొదట ఏమీ లేదు. తర్వాత నాలుక కొస అంటుకుంది. మంట గొంతులోకి, చెవుల్లోకి, నడినెత్తికి పాకింది. ఆరు నెలలుగా మజ్జిగన్నం తింటున్న నోరు. ఉమ్మేసింది, నీళ్లు తాగింది, మంట ఇంకా ఎక్కువైంది. కళ్ల నుంచి ముక్కు నుంచి నీళ్లు ధారగా కారసాగాయి. అంట్లు తోమే బండ మీద కూలబడింది. చెంగుతో తుడుచుకుంటే చేతికున్న కారం కంట్లో పడి అది కూడా మండింది.

ఆ మంటలో, ఎందుకో తెలియదు, మోహన ముఖం కనిపించింది. ఆ రోజు రవిచంద్ర మాట్లాడుతున్నంతసేపూ తన వంకే చూస్తూ నిలబడిన ముఖం. ఆ చూపు ఏప్రిల్‌లోనే తన మీద పడింది. పడి ఇన్నాళ్లూ బయటే ఉండిపోయింది. ఇప్పుడు లోపలికి దిగింది. సిగ్గేసింది. ముఖం మీదా మెడ మీదా వేడిగా, ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసింది. అది కారం వేడో, సిగ్గు వేడో విడదీయడం ఆమె వల్ల కాలేదు. మంట చల్లారడానికి అరగంట పట్టింది. సిగ్గు చల్లారలేదు.

ఏబెల్ ఇంటికొచ్చి ఆమె ఎర్రని కళ్లు చూసి కంగారు పడ్డాడు. "ఏడ్చినావా?"

"లేదు మామా. మిరక్కాయ." అని, మోహన సంగతి మొత్తం చెప్పింది.

ఏబెల్ పక్కనే కూర్చుని విన్నాడు. చివర్లో, "రేపు ఆదివారం. చర్చి నించి అట్లే పోయి రా. నేను రాను. నువ్వొక్కదానివే పోవాల" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక తిరుపతి ఆటో ఎక్కింది. బ్యాగులో ఒక కవరు నిండా మిరపకాయలు పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకూ తెలియదు, ఊరికే వట్టిచేతులతో పోలేక. కొర్లగుంటలో ఇరుకు సందు. మోహన గడప దగ్గర కూర్చుని బట్టలకు సబ్బు పెడుతోంది. తలెత్తి చూసింది. లేవలేదు.

"ఎందుకొచ్చినావక్కా?"

"నీతో మాట్లాడాల."

"మాట్లాడు."

కృపారాణి నిలబడే చెప్పింది. "ఆ పొద్దు సాంబారు మాడింది నా వల్ల. నేనే పొయ్యి కాడ ఉండా. నాకు వాసన తెలీదు మోహనా. పడినప్పటి నించీ తెలీదు. సారు అడిగినప్పుడు నోరు తెరిచి చెప్పలేదు. నువ్వు పోయినావు."

మోహన సబ్బు పక్కన పెట్టింది. చేతులు నీళ్లలో ముంచి కడుక్కుంది. "నాకు తెలుసు" అంది.

"ఏంది?"

"సాంబారు మాడే ముందు వారం, కుళ్లిన కొత్తిమీర కట్ట ముక్కు కాడ పెట్టుకోని, బాగుండాది పాపా, తరుగు, అన్నావు. అది నాకు ఆమడ దూరం నించే కొడతా ఉండాది. అప్పుడే అనుకున్యా. పాలు పొంగి పొయ్యి మీద కాలినప్పుడూ నువ్వు తిరిగి చూడలా. వాసన పోయిండాదని అప్పుడే తెలుసు నాకు."

"మరి సారుకు ఎందుకు చెప్పలా?"

"చెప్తే నీ పని పోతాది. నేను ఇంగో చోట చేసుకుంటా, చిన్నదాన్ని. నీకు యాడ ఇస్తారు?" మోహన గొంతు అప్పుడు కొంచెం పెరిగింది. "గానీ నువ్వు చెప్తావని చూసినా. సారు మాట్లాడినంతసేపూ నీ మొగమే చూసినా. సాయంత్రం ఫోను చేస్తావని చూసినా. మర్రోజు చూసినా. నాకు ముందే చెప్పుంటే, నీ పక్కనే నిలబడి ఇది మాడతా ఉండాది, ఇది ఉడికింది అని చెప్పుండేదాన్ని. ఎవురికీ తెలిసేది కాదు. నాలుగేండ్లు అక్కా అక్కా అని తిరిగినా గదా నీ ఎనకాల."

కృపారాణి క్షమించమని అడగాలని వచ్చింది. ఆ మాట ఇప్పుడు అంటే చిన్నదిగా ఉంటుందనిపించింది. మోహన ఇప్పుడు ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతున్నానని చెప్పింది. నీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కృపారాణి కవరు తీసి గడప మీద పెట్టింది. "మా పెరట్లో కాసినాయి. చిన్నవి శానా కారం, చూసి వేసుకో."

మోహన కవరు వైపు చూసింది, ముట్టుకోలేదు. వద్దని కూడా అనలేదు.

సోమవారం పొద్దున కృపారాణి వంటింట్లోకి పోకుండా ముందు ఆఫీసు గదిలోకి పోయింది. రవిచంద్రకు నిలబడి అంతా చెప్పింది. అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరు నెలలా? ఆరు నెలల నించి వాసన తెలీకుండా నూట ఇరవై మంది పిల్లలకు వండతా ఉండావా కృపమ్మా? గ్యాసు లీకయి ఉంటే? పిల్లలు పైన నిద్రపోతా ఉంటారు, తెలుసు గదా నీకు?"

ఆ మాట ఆమెకు ఇంతకు ముందు తట్టలేదు. డాక్టరు చెప్పినా ఇంటి పొయ్యి గురించే అనుకుంది. "తప్పే సార్" అంది.

అతను కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తిట్టలేదు. పొయ్యి దగ్గరకు ఇక పోవద్దన్నాడు. ఉండాలనుకుంటే కూరగాయలు తరిగే పనీ, వడ్డించే పనీ చేయమన్నాడు. ఉంటానంది. మోహనకు అప్పుడే ఆమె ముందే ఫోను చేశాడు. తప్పు జరిగిందని, రేపటి నుంచి రమ్మని చెప్పాడు. అవతల మోహన ఏం చెప్పిందో కృపారాణికి వినపడలేదు. రవిచంద్ర ఫోను పెట్టేసి, "రానంటాది" అన్నాడు.

ఆ రోజు నుంచి కృపారాణి కత్తిపీట ముందు కూర్చుంటోంది. బీన్సు, క్యారెట్టు, గోరుచిక్కుడు, రోజూ మూటలు మూటలు. పాత పిల్లలు వంటింటి కిటికీలోంచి, "కృపమ్మా, ఇవాళ నువ్వు వండలేదా?" అని అడుగుతారు. "లేదు పాపా" అంటుంది. మొదట్లో అట్లా అడిగినప్పుడు గుండె దగ్గర ఏదో పట్టినట్టుండేది. అట్లా పట్టడం ఆమెకు కొత్తగా ఉండేది. కొన్నాళ్లకు వాళ్లు అడగడం మానేశారు.

మిరపలు వానాకాలమంతా కాశాయి. పొడుగుకాయలకు గాటు పెట్టి, ఉప్పేసిన మజ్జిగలో మూడు రోజులు ఊరబెట్టి, మేడ మీద ఎండబెట్టింది. సరిగ్గా ఎండాయా లేదా అన్నది వేళ్లతో విరిచి చూసి తెలుసుకునేది. టక్కుమని విరిగితే డబ్బాలోకి, వంగితే మళ్లీ ఎండలోకి. ఒక డబ్బా అలివేలమ్మకు ఇచ్చింది.

అక్టోబరులో ఒక సెలవు రోజు, పదకొండు గంటలప్పుడు, గేటు చప్పుడైంది. చూస్తే మోహన. ముందుగా ఫోను చేయలేదు. రేణిగుంటలో చుట్టాలింటికి వచ్చి, అట్లే వచ్చినా అంది. ఆ మాట నిజమో కాదో కృపారాణి అడగలేదు. లోపలికి రమ్మంది.

"ఆ చిన్న మిరక్కాయలు" అంది మోహన, నిలబడే. "మా అమ్మ అడుగుతా ఉండాది. గింజకు పండువి ఉంటే ఇస్తావా?"

ఇద్దరూ పెరట్లోకి పోయారు. పిట్టమిరప చెట్టు నడుమెత్తు పెరిగి, ఎర్రగా నిండుగా ఉంది. మోహన కాయలు కోస్తుంటే, కృపారాణి లోపలికి పోయి రాగి సంగటి కెలికింది. పచ్చి పిట్టమిరపకాయలు నాలుగు, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి రోట్లో వేసి గొడ్డుకారం నూరింది. ఏబెల్ ఇంట్లో లేడు. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. మోహన సంగటి ముద్ద తుంచి కారంలో అద్దుకుని తింది. కృపారాణి తినకుండా చూస్తూ ఉంది.

"ఎట్లుండాది?"

మోహన రెండో ముద్ద తిని, నీళ్లు తాగింది. "ఉప్పు సరిగ్గా ఉండాది. వెల్లుల్లి ఎక్కువేసినావు, పచ్చి వాసన పోలా. రెండు రెబ్బలు సాలు దీనికి."

"రెండా?"

"రెండే. నాలుగేసినావు నువ్వు."

కృపారాణి తల ఊపింది. మోహన ఇంకో ముద్ద తుంచుకుంది. పిట్టమిరప కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆగకుండా తిని, కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, తాను తిన్న కంచం తానే తోమి బండ మీద బోర్లించింది. పండు కాయలు కాగితంలో చుట్టుకుని సంచిలో వేసుకుంది. లాడ్జిలో మధ్యాహ్నం పని ఉందంది.

కృపారాణి ఆమె వెంట రోడ్డు దాకా నడిచింది. మళ్లీ వస్తానని మోహన అనలేదు, రమ్మని కృపారాణి అడగలేదు. తిరుపతి ఆటో వచ్చింది. మోహన ఎక్కి, పక్కవాళ్లను జరగమని సర్దుకుని కూర్చుంది. ఆటో కదిలాక కృపారాణి ఇంటివైపు తిరిగింది.